విద్యార్థుల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కొత్త ఫీచర్లు: ఏ పద్ధతి మేలు?

వరంగల్ విద్యార్థులు కొందరు ఎనుమాముల మార్కెట్‌లోని పత్తి, మిర్చి ధరలను తెలుగులో చూపే ఓపెన్ సోర్స్ యాప్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకోగలిగేది) రాస్తున్నారనుకుందాం. మొదటి రిలీజ్ కాకముందే వాతావరణ సమాచారం పెట్టాలని, ధరలను చదివి వినిపించాలని, జిల్లాల వారీగా చూపాలని సలహాలు వచ్చిపడతాయి. వాటిని ఎలా సంబాళించాలన్నదే ప్రశ్న.

ఎవరు ఏది రాసి పంపినా చేర్చుకోవడం ఒక పద్ధతి. తన కోడ్ ప్రాజెక్టులో చేరిందన్న సంతోషంతో మొదటి సంవత్సరం విద్యార్థి మళ్లీ పని చేయడానికి వస్తాడు కనుక దీని మేలును తక్కువ చేయలేం. అయితే ఫీచర్‌కు అసలు ఖర్చు రాసిన తర్వాతే మొదలవుతుంది. జిల్లాల ఫిల్టర్‌నే చూడండి. 2016లో పాత వరంగల్ జిల్లా ఐదు జిల్లాలుగా విడిపోయింది, 2019లో ములుగు ప్రత్యేక జిల్లా అయింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగానూ, వరంగల్ రూరల్ వరంగల్‌గానూ మారాయి. అంటే పట్టికలో ‘వరంగల్ జిల్లా’ అని ఉన్నచోట 2015 నాటి వరుసకు ఒక అర్థం, 2022 నాటి వరుసకు మరో అర్థం. ఈ చిక్కు తెలిసి కోడ్ రాసిన విద్యార్థి చదువు ముగించుకుని ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతే, తర్వాత దాన్ని సరిదిద్దే దిక్కుండదు.

కోర్‌ను, అంటే యాప్ ప్రధాన భాగాన్ని, చిన్నదిగా ఉంచి, మిగిలినవన్నీ ప్లగిన్లకు (విడిగా రాసి తగిలించుకునే చేర్పులకు) వదిలేయడం మరో పద్ధతి. 2004లో 1.0 వెర్షన్‌తో వచ్చిన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఇలాగే ఎక్స్‌టెన్షన్లతో (అలాంటి చేర్పులతోనే) ఆదరణ పొందింది. కానీ ప్లగిన్ల కోసం ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌ను, అంటే అవి కోర్‌తో కలిసే పద్ధతిని, ఏళ్ల తరబడి మార్చకుండా కాపాడాలి; 2017లో 57వ వెర్షన్ నాటికి ఫైర్‌ఫాక్స్ కూడా పాత తరహా ఎక్స్‌టెన్షన్లను వదులుకోక తప్పలేదు. నలుగురైదుగురు విద్యార్థులకు ఇది మోయలేని బరువు.

పరిధిని ముందే రాసుకుని, రిలీజ్ అయ్యేదాకా కొత్తవాటిని ఆపడమే మేలని నా అభిప్రాయం. అయితే ‘వద్దు’ అనడం వేరు, ‘ఫలానా నెలలో చూస్తాం’ అనడం వేరు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ప్రతి రిలీజ్‌కు కొత్త ఫీచర్లకు సుమారు రెండు వారాల గడువుంటుంది, ఆపై రిలీజ్ వరకు దిద్దుబాట్లే సాగుతాయి. ఆ గడువును అందుకోలేకపోయినవారికి మళ్లీ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుసు. విద్యార్థులు దీన్ని సెమిస్టర్‌కు సరిపెట్టుకోవచ్చు: పరీక్షలకు ముందు కొత్త ఫీచర్లు ఆపేసి, సెలవుల తర్వాత వేచి ఉన్న జాబితాను తెరవాలి. ప్రతి సలహాతోపాటు అది ఎవరికి అవసరమో, సమాచారం ఎక్కడి నుంచి వస్తుందో, వచ్చే ఏడాది చూసుకునే జూనియర్ ఎవరో అరపేజీలో రాయించాలి. ఈ మూడో ప్రశ్నను మాత్రం ఎవరికోసమూ సడలించకూడదు.

ఈ లెక్కన చదవడం రాని రైతుకు ధర వినిపించే ఫీచర్ ముందు రావాలి, వాతావరణం వేరేచోట దొరుకుతుంది కనుక ఆగవచ్చు. జిల్లాల ఫిల్టర్ పాత, కొత్త జిల్లాల పట్టిక తయారయ్యేదాకా జాబితాలోనే ఉండాలి. ఆ పట్టికను మండలాల వారీగా సిద్ధం చేసే పనిని కొత్తగా చేరినవారికి ఇప్పుడే అప్పగించవచ్చు.