సీఎంసీ గమ్: గ్లేజు ఊడిపోయే సమస్యకు ఎంతవరకు పనికొస్తుంది

గ్లేజు (మట్టిపాత్ర మీద పూసి కాల్చితే గాజులా మారే పూత) పాత్రకు పట్టడం లేదు అనగానే చాలా స్టూడియోల్లో వినిపించే సలహా ఒకటే, సీఎంసీ గమ్ కలపమని. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే ఈ పొడిని 1220 డిగ్రీలకు కాల్చే స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడే మట్టిపాత్రలు) గ్లేజుల్లో, బ్రష్ పనికీ ముంచే పనికీ, ఏళ్లుగా వాడుతున్నాను. మంచి సరుకే. కాకపోతే అది తీర్చేది ఒక్క రకం సమస్యను. మిగతావాటిలో గమ్ పోస్తే అసలు కారణం మరుగున పడిపోతుంది.

కాబట్టి ముందు గ్లేజు ఏ దశలో ఊడుతోందో చూడండి. ఎండిన, ఇంకా కాల్చని పూతను బొటనవేలితో మెల్లగా రుద్దినప్పుడు ముగ్గుపిండిలా చేతికి వస్తే గమ్ పనికొచ్చేది అక్కడే. ఎండుతుండగానే సన్నటి పగుళ్లు పడి అంచులు లేస్తుంటే తప్పు రెసిపీలోనో, పూత మందంలోనో ఉంటుంది. కాల్చాక గ్లేజు ముడుచుకుపోయి మధ్యమధ్య బోసి మట్టి కనపడితే అది క్రాలింగ్. చల్లారాక పాత్ర అంచుల నుంచి గాజు పెచ్చులు రాలితే షివరింగ్. షివరింగ్‌కీ గమ్‌కీ సంబంధమే లేదు. గ్లేజు కరగడం మొదలయ్యేలోపే గమ్ కాలిపోతుంది. మట్టితో పోలిస్తే గ్లేజు సంకోచం మరీ తక్కువైనప్పుడు పెచ్చులు వస్తాయి. గ్లేజులో సిలికా కొంత తగ్గించి, ఫెల్డ్‌స్పార్ (గ్లేజు కరగడానికి తోడ్పడే ఖనిజం) పెంచి, మళ్లీ పరీక్షించాలి. అలాంటి పాత్రలో తిండి పెట్టకండి, ఆ పెచ్చులు గాజు ముక్కలే.

ఇక గమ్ సంగతి. పొడిని నేరుగా గ్లేజు బకెట్‌లో చల్లితే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఎంత కలిపినా విడవవు. లీటరు వేడినీళ్లను (60, 70 డిగ్రీలు చాలు) హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పుతూ, 15 గ్రాముల పొడిని చిటికెడు చిటికెడుగా రాల్చాలి. రాత్రంతా వదిలేస్తే మిగిలిన చిన్న ఉండలు కూడా నాని కరుగుతాయి. ఈ కొలత మీడియం విస్కాసిటీ (మధ్యరకం చిక్కదనం) రకానికి. హై విస్కాసిటీ రకం ఇదే కొలతలో జెల్లీ అయిపోతుంది, గ్లేజు పనికి అది వద్దు.

బ్రష్ గ్లేజుకు కిలో గ్లేజు పొడికి అర లీటరు నీళ్లు, అర లీటరు గమ్ ద్రావణం. అంటే పొడి బరువులో 0.75 శాతం గమ్. కలిపి 80 మెష్ (అంగుళానికి 80 కన్నాల) జల్లెడ పట్టాక 100 మి.లీ. తూచితే 144 గ్రాములకు అటూఇటుగా వస్తుంది. బ్రష్ మట్టి మీద పట్టేయకుండా జారుతుంది, రెండో పూత వేసినప్పుడు కింది పూత లేచిరాదు. ఎండాక గోటితో గీస్తే గీత పడుతుంది కానీ పెచ్చు లేవదు. బ్రష్‌తో పని చేసేవాళ్లకు ఇది లేకుండా కష్టమే.

ముంచే గ్లేజులో మాత్రం నాకిది అంతగా నచ్చలేదు. గమ్ లేని గ్లేజు క్షణాల్లో ఆరి చేతికి అంటకుండా ఉంటుంది. గమ్ పడితే నిమిషాల తరబడి కారుతూ, అడుగున బొట్లు కడుతుంది. తప్పదనుకుంటే 0.2 శాతం దాటకండి, కిలో పొడికి పై ద్రావణం 130 మి.లీ. సరిపోతుంది. దానికంటే మేలైన దారి రెసిపీ సరిచేసుకోవడం. చైనా క్లే (కయోలిన్ అనే తెల్లమట్టి) 10 శాతం కంటే తక్కువుంటే పూత దుమ్ములా ఉంటుంది, బకెట్ అడుగున గడ్డకడుతుంది. 1 నుంచి 2 శాతం బెంటోనైట్‌ను (బాగా జిగటైన సన్నటి బంకమట్టి) మిగతా పొడులతో పొడిగానే కలిపి, తర్వాత నీళ్లలో పోస్తే రెండూ తగ్గుతాయి. బెంటోనైట్‌లో ఇనుము ఉంటుంది కాబట్టి తెల్ల గ్లేజుల్లో 2 శాతం దాటనివ్వకండి.

చైనా క్లే 20 శాతం దాటితే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఎండేటప్పుడు పూత బాగా కుదించుకుని పగులుతుంది, ఆ పగులే కిల్న్‌లో (పాత్రలు కాల్చే కొలిమి) క్రాలింగ్‌గా తెరుచుకుంటుంది. దీనికి గమ్ పోయడం దండగ. 30 భాగాల చైనా క్లే ఉన్న రెసిపీలో 15 అలాగే ఉంచి, మిగతా 15కు బదులు కాల్చిన చైనా క్లే 13 భాగాలు వేయండి. బిస్క్ కాల్పులో (గ్లేజు వేయకముందు పాత్రకు ఇచ్చే మొదటి కాల్పు) ఒక గిన్నెలో చైనా క్లే పొడి పోసి పెడితే సరి, కాలాక బరువు సుమారు 13 శాతం తగ్గుతుంది, అందుకే 13.

బిస్క్‌ను, అంటే ఆ మొదటి కాల్పు అయిన పాత్రను, కూడా అనుమానించాలి. పాత్ర మీద నీటి చుక్క వేయండి. చటుక్కున ఇంకితే మంచిది. నిలబడిందంటే బిస్క్ ఎక్కువ కాలినట్టు, లేదా అక్కడ చేతి జిడ్డో మైనమో ఉన్నట్టు. 1000 డిగ్రీల బిస్క్, గ్లేజుకు ముందు తడి స్పాంజితో ఒక తుడుపు, పూర్తిగా ఆరబెట్టడం, ఈ మూడూ పాటిస్తే సగం ఫిర్యాదులు రావు. కుమ్మరి ఆములో తక్కువ వేడికి కాలిన ఎర్రమట్టి పాత్ర అయితే నీళ్లు విపరీతంగా పీల్చి పూత మందమైపోతుంది. ముంచే సమయం తగ్గించండి.

నీళ్ల మాట కూడా చెప్పాలి. బోరు నీళ్ల లవణాలు గ్లేజును చిక్కబరుస్తాయి. చిక్కగా ఉందని ఇంకా నీళ్లు పోస్తే ఎండేటప్పుడు అంతకంత కుదించుకుంటుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి.

గమ్‌కున్న పెద్ద లోపం పాడవడం. మన ఎండాకాలంలో బయట పెట్టిన ద్రావణం కొద్ది రోజుల్లోనే వాసన వేసి నీళ్లలా పలచబడుతుంది. సోడియం బెంజోయేట్ ఆమ్ల ద్రావణాల్లోనే పనిచేస్తుంది, క్షారగుణమున్న గ్లేజుల్లో దానితో లాభం లేదు. కావలసినంతే కలుపుకుని ఫ్రిజ్‌లో పెట్టండి. పాడైనదాన్ని కొత్తదానిలో కలపొద్దు, దానిలోని ఎంజైములు కొత్తదాన్నీ కొరికేస్తాయి.

గమ్‌కు నేను పూర్తి మార్కులు వేసేది క్రాలింగ్ వచ్చిన పాత్రను బాగుచేసేటప్పుడు. కాలిన పాత్ర నీరు పీల్చదు, మామూలు గ్లేజు దానిమీద నిలవదు. పాత్రను ఓవెన్‌లో 100 డిగ్రీల దాకా వేడిచేసి, మందపాటి గుడ్డతో పట్టుకుని, నీళ్లు కలపకుండా గమ్ ద్రావణంతోనే చిక్కగా కలిపిన గ్లేజును బోసి చోట బ్రష్‌తో అద్దండి. వేడికి వెంటనే ఆరి పట్టుకుంటుంది. అంచుల మీద కొంచెం ఎక్కేలా రెండు పూతలు వేసి, మొదట కాల్చిన వేడికే మళ్లీ కాల్చండి.