తెల్ల ఎస్‌ఎంపీఎస్‌తో నాలుగేళ్లు

నా కంప్యూటర్ క్యాబినెట్ తెలుపు, మదర్‌బోర్డు తెలుపు, గ్రాఫిక్స్ కార్డు కూడా తెలుపే. వాటి మధ్య నల్ల కేబుళ్లు వేలాడుతుంటే చూడలేక, నాలుగేళ్ల కిందట 750 వాట్ల తెల్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై) కొన్నాను. ఫుల్లీ మాడ్యులర్ (కేబుళ్లన్నీ ఊడదీసి పెట్టుకోవచ్చు), 80 ప్లస్ గోల్డ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్), ఫ్యాన్ చుట్టూ రంగులు మారే లైటు రింగు. కొనేటప్పుడు నన్ను బాగా ఊరించింది ఆ రింగే. ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే ముందుగా వద్దనేది కూడా దాన్నే.

ఎందుకంటే, ఇప్పటి చాలా క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ అడుగున, ఒక రేకు మూత కింద ఉంటుంది. ఫ్యాన్ కిందికి తిరిగి, డస్ట్ ఫిల్టర్ గుండా బయటి గాలి పీల్చుకుంటుంది. అలా బిగిస్తే లైటంతా బల్ల పాలే. మనసొప్పక ఫ్యాన్ పైకి వచ్చేలా తిప్పి పెట్టాను. నా క్యాబినెట్ మూతకు జాలీ ఉంది కాబట్టి రింగు చక్కగా కనిపించింది. కానీ గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడి గాలినే ఎస్‌ఎంపీఎస్ పీల్చడం మొదలుపెట్టింది. గేమ్ మొదలెట్టిన అరగంటకే ఫ్యాన్ రొద. లోపల చార్జ్ నిలవ చేసే కెపాసిటర్లకు వేడే పెద్ద శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు వేసుకునే లెక్క. అందం కోసం దాని ఆయుష్షు తగ్గించడం ఇష్టం లేక మూడో వారానికే మళ్లీ తిరగేశాను.

రెండున్నరేళ్లకు రింగులో ఒక ముక్క పాడైంది. ఏ రంగు పెట్టినా అక్కడ ఎరుపే. అమ్మినవాళ్లను అడిగితే "కంప్యూటర్ ఆన్ అవుతోంది కదండీ, లైటుకు వారంటీ లేదు" అన్నారు. చాలా బాధేసింది. పెట్టె మీద పెద్ద బొమ్మ వేసి అమ్మింది ఆ లైటునే కదా! మామూలు క్యాబినెట్ ఫ్యాన్ అయితే నాలుగు స్క్రూలు విప్పి మార్చేసుకుంటాం. దీన్ని అలా విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టుల దాకా చార్జ్ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. దయచేసి ఎవరూ ఇంట్లో ఆ పని చేయకండి.

కేబుళ్ల సంగతి వేరు. ప్రతి తీగకూ విడిగా అల్లిన తొడుగు ఉంది. 24 పిన్నుల కేబుల్ మదర్‌బోర్డు అంచున వంపు తిరిగే చోట, దువ్వెనలాంటి క్లిప్పులు పెట్టి ఒక్కో తీగనూ సర్దడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. రెండు వరుసలూ ఒకే వంపులో పక్కపక్కనే వచ్చి కూర్చున్నాక, గాజు డోర్ బిగించకుండా చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. నాలుగేళ్లయినా అల్లికలో ఒక్క పోగు లేవలేదు. కిటికీ వైపు తెలుపు కొంచెం మీగడ రంగుకు తిరిగింది, అంతే. తీగలు బిరుసు కాబట్టి వెనక డోర్ మూయడం మాత్రం కష్టం. డిస్క్‌లకు కరెంటిచ్చే సాటా కేబుళ్లు రెండుసార్లు సర్దితే గానీ పట్టలేదు.

ఇంకో విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మామూలు కేబుళ్లలో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు గ్రౌండ్ అని చూడగానే తెలుస్తుంది. ఇక్కడ అన్నీ తెలుపే. ఒకసారి రెండో హార్డ్ డిస్క్‌కు కేబుల్ చాలక, పాత ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ కేబుల్ తెచ్చి గుచ్చాను. టక్కున పట్టేసింది. ఎందుకో అనుమానమొచ్చి, డిస్క్ తగిలించకుండా ఆన్ చేసి మల్టీమీటర్ పెట్టి చూస్తే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తోంది! మా పిల్లల ఫొటోలన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. చేతులు వణికాయి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు అందరూ పాటించే ప్రమాణం లేదు. సాకెట్‌లో పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఒకే కంపెనీ వేరే సిరీస్ కేబుల్ అయినా సరే, సరిపోతుందని ఆ కంపెనీ రాస్తే తప్ప కలపొద్దు.

అసలు పనిలో నాకు వంక పెట్టడానికేమీ దొరకలేదు. గేమ్ నడిచేటప్పుడు ప్లగ్ దగ్గరి మీటర్ 420 వాట్ల దాకా చూపిస్తుంది. మొన్న ఖాళీగా ఉన్న మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల) కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్ను కొలిస్తే, పని లేనప్పుడు 12.05, పూర్తి లోడ్‌లో 11.96 వోల్టులు. పవర్ సప్లైలు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం 11.4 నుంచి 12.6 దాకా ఒప్పుకుంటుంది. నాలుగేళ్ల తర్వాత ఇంత నిలకడ చూసి నిజంగా సంతోషమేసింది. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ ఆగిపోయే మోడ్ ఉంది గానీ, అది ఆగుతూ తిరుగుతూ ఉంటే ఆ మార్పే చెవికి ఎక్కువ తగులుతోంది. మోడ్ తీసేశాను. నెమ్మదిగా ఎప్పుడూ తిరుగుతుంటేనే హాయిగా ఉంది.

లైటు రింగు ఇప్పుడు పూర్తిగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఈసారి కొనేది లైటు లేనిదే. డబ్బు లోపలి కెపాసిటర్లకూ, అదే కంపెనీ ఇచ్చే తెల్ల కేబుళ్లకూ పెడతాను. డబ్బా నల్లగా ఉన్నా ఫరవాలేదు, ఎలాగూ మూత కిందే ఉంటుంది.