ఫెర్రైటా, నియోడిమియమా: ఏ మోటారుకి ఏది మేలు?

నా మాట ముందే చెప్పేస్తా. మోటార్లలో వాడే మాగ్నెట్లలో, ఫెర్రైట్ రకంతో పని జరిగేచోట నియోడిమియం రకం పెట్టడం దండగ. నియోడిమియం తప్పనిసరైన చోట దాన్ని పూర్తిగా తీసేయాలని తంటాలు పడేకంటే, అందులో వేడికి ఆగడానికి కలిపే డిస్ప్రోసియం అనే లోహాన్ని తగ్గించడం మీద పట్టుబట్టాలి.

తిరుపతిలో ఏదైనా వైండింగ్ షాపులో విప్పి పెట్టిన బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ కనబడితే కాస్త వంగి చూడండి. చాలావాటిలో లోపలి అంచు చుట్టూ నల్లటి ఫెర్రైట్ ముక్కలు అంటించి ఉంటాయి. ఐరన్ ఆక్సైడ్‌లో స్ట్రాన్షియమో బేరియమో కలిపి కాల్చిన సిరామిక్ అది, కిందపడితే కుండపెంకులా పగిలిపోతుంది గానీ తుప్పు పట్టదు, ధర కూడా తక్కువే. ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటారులోవి, అంటే చక్రం మధ్యలోనే ఉండే మోటారులోవి, వేరు: నికెల్ పూతతో తళతళలాడే సన్నటి నియోడిమియం ముక్కలు. పూత లేచిందా, తుప్పు పట్టి పొడి రాలుతుంది.

బలంలో మాత్రం రెండింటికీ పొంతనే లేదు. ఫెర్రైట్ ఎనర్జీ ప్రోడక్ట్ (మాగ్నెట్ బలానికి కొలత) సుమారు 3 నుంచి 4.5 మెగా గాస్ ఓర్‌స్టెడ్, నియోడిమియంది 30 నుంచి 50 దాకా. సీలింగ్ ఫ్యాన్‌లో చోటుకి కొదవలేదు కాబట్టి మాగ్నెట్ పెద్దది పెట్టుకుంటే సరి. స్కూటర్ చక్రంలో అది కుదరదు.

అసలు చిక్కు వేడితో. మే నెల మధ్యాహ్నం ఇద్దరిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కే బండిని తీసుకోండి, స్పీడు తక్కువ, లాగే కరెంటు ఎక్కువ, మోటారు కాగిపోతుంది. మామూలు గ్రేడ్ నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలెడుతుంది, పోయినదంతా చల్లారాక తిరిగి రాకపోవచ్చు కూడా. అందుకే డిస్ప్రోసియం, టెర్బియం కలుపుతారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై ఆంక్షలు పెట్టిన, రేర్ ఎర్త్ అనే కుటుంబానికి చెందిన ఏడు లోహాల్లో ఈ రెండూ ఉన్నాయి, నియోడిమియం లేదు. మన బండ్ల కంపెనీలకు టెన్షన్ పట్టుకున్నది ఇక్కడే.

డిస్ప్రోసియాన్ని మాగ్నెట్ అంతా కలపకుండా, పైన పూసి వేడిచేసి, లోపలి సన్నటి రేణువుల అంచుల్లోకి మాత్రమే ఇంకేలా చేసే పద్ధతి ఉంది. సన్నటి మాగ్నెట్లకు ఇది బాగా పనికొస్తుంది, చాలా తక్కువ డిస్ప్రోసియంతో అదే తట్టుకునే శక్తి వస్తుంది. 2016లో హోండా, డైడో స్టీల్ కలిసి రేణువులను మరీ చిన్నవిగా చేసి డిస్ప్రోసియం, టెర్బియం లేకుండానే హైబ్రిడ్ కారు మోటారుకి మాగ్నెట్ తెచ్చాయి. 2018లో టయోటా నియోడిమియంలో సగం దాకా తగ్గించి, చవగ్గా దొరికే లాంథనం, సీరియం వాడే దారి చూపింది.

సమేరియం కోబాల్ట్ అనే ఇంకో రకం మాగ్నెట్ వేడికి బెదరదు, కానీ సమేరియం కూడా రేర్ ఎర్తే, చైనా జాబితాలోనూ ఉంది, పైగా కోబాల్ట్ ఖరీదు. ఉపగ్రహాలకు సరే, స్కూటర్‌కి వద్దు. ఆల్నికో అనే మరో రకంలో రేర్ ఎర్త్ లేదు, వేడికీ ఆగుతుంది, అయితే ఎదురు అయస్కాంత క్షేత్రం తగిలితే తేలిగ్గా బలం పోతుంది. ఈ మోటార్లకు పనికిరాదు.

మోటారు తయారుచేసేవాళ్లూ, మాగ్నెట్లు మార్చేవాళ్లూ నియోడిమియం గ్రేడ్ చివరి అక్షరాలు చూసి కొనండి, ఎంత వేడి దాకా తట్టుకుంటుందో అవే చెబుతాయి: హెచ్ అంటే 120 డిగ్రీలు, ఎస్‌హెచ్ అంటే 150, యూహెచ్ అంటే 180. మెట్టు పెరిగేకొద్దీ మామూలుగా డిస్ప్రోసియం పెరుగుతుంది. గాలి బాగా ఆడేలా చేసి ఎస్‌హెచ్‌తో నడిచే మోటారుకి యూహెచ్ ఎందుకు?