బీపీ ఉన్న గర్భిణులకు డాప్లర్: ఏళ్ల తరబడి చేస్తున్న డాక్టర్ మాట

బీపీ 140/90 దాటి, మూత్రంలో ప్రొటీన్ పోతున్న గర్భిణులకు డాప్లర్ (రక్తనాళాల్లో రక్త ప్రవాహాన్ని చూసే స్కాన్) చేయడం ఎన్నో ఏళ్లుగా నా రోజువారీ పని. ఈ పరీక్ష మీద నాకు గట్టి నమ్మకం ఉంది. కాకపోతే ఇది బిడ్డ సంగతి చెబుతుంది, తల్లి సంగతి చెప్పదు.

నేను ఎక్కువగా ఆధారపడేది బొడ్డుతాడు ధమని మీద. మాయలో రక్తనాళాలు దెబ్బతినే కొద్దీ బిడ్డ గుండె అందులోకి రక్తం నెట్టడం కష్టమవుతుంది. తెర మీద అది అలల్లా కనిపిస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడు అల పైకి లేస్తుంది, కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య కూడా కొంత ప్రవాహం ఉండాలి. ఆ మధ్యలో అల అడుగు గీతకు ఆనుకుపోతే ప్రవాహం లేనట్టు, గీత కిందికి దిగితే రక్తం వెనక్కి మళ్లుతున్నట్టు. మొదటి స్థితిలో మామూలుగా కాన్పును 34 వారాలు దాటనివ్వం, రెండో స్థితిలో 32 దాటనివ్వం. ఈలోగా బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తాం. ఆ ఇంజెక్షన్ల తర్వాత ఒకటి రెండు రోజులు ప్రవాహం మెరుగైనట్టు కనిపించవచ్చు. అది చూసి ఊరట పడకూడదు.

కొలిచే చేతిని బట్టి ఫలితం మారడమే దీనిలో పెద్ద లోపం. "ప్రవాహం లేదు" అన్న రిపోర్టు పట్టుకుని, బట్టల సంచులు సర్దుకుని, ఏడుస్తూ వచ్చిన కుటుంబాలను చూశాను. మళ్లీ చేస్తే ప్రవాహం చక్కగా ఉంటుంది. చాలాసార్లు కారణం మెషీన్‌లో వాల్ ఫిల్టర్ అనే సెట్టింగ్ ఎక్కువగా పెట్టడం. అప్పుడు మెల్లగా పారే రక్తాన్ని మెషీనే చెరిపేస్తుంది. బిడ్డ ఊపిరి కదలికలు చేస్తున్నప్పుడు కొలిచినా అలలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో వస్తాయి. అందుకే బిడ్డ నెమ్మదించేదాకా ఆగి, ఫిల్టర్ తగ్గించి, రెండు మూడు చోట్ల చూశాకే నేను సంతకం పెడతాను.

34 వారాల తర్వాత మొదలయ్యే బీపీ జబ్బులో బొడ్డుతాడు ధమని బాగానే ఉండి మోసం చేయొచ్చు. అక్కడ మెదడు ధమని కూడా చూడాలి. ఆక్సిజన్ తగ్గితే బిడ్డ శరీరం రక్తాన్ని మెదడుకు మళ్లిస్తుంది, ఆ ధమనిలో పీఐ (ప్రవాహానికి ఎంత అడ్డంకి ఉందో చెప్పే అంకె) పడిపోతుంది. దాన్ని బొడ్డుతాడు పీఐతో భాగిస్తే ఒకటి కన్నా తక్కువ వచ్చిందా, జాగ్రత్త పడతాను.

గర్భాశయ ధమని డాప్లర్ మూడో నెల స్కాన్‌లో బాగా పనికొస్తుంది. ఈ బీపీ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువని తేలితే 16 వారాల్లోపే ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు మొదలుపెట్టొచ్చు. జబ్బు వచ్చేశాక మాత్రం అది నా నిర్ణయాన్ని మార్చదు. ఏ ముప్పూ లేని గర్భిణులందరికీ తొమ్మిదో నెలలో డాప్లర్ రాయడమూ నాకు నచ్చదు, దానివల్ల లాభం ఉందని రుజువు కాలేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది నార్మల్ రిపోర్టే. "స్కాన్ బాగుందన్నారు కదా మేడం, ఇంటికెళ్లి మళ్లీ వస్తాం" అంటారు అత్తగారు. పక్కన కోడలు తలనొప్పితో కళ్లు మూసుకుని కూర్చుని ఉంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నా, ఫిట్స్ రాబోతున్నా డాప్లర్ నార్మల్‌గానే ఉండొచ్చు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే స్కాన్ ఎలా ఉన్నా అడ్మిట్ కావాల్సిందే. అందుకే నా రిపోర్టు చివర్లో ప్రతిసారీ రాస్తాను: "తల్లి బీపీ, ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీ పరీక్షలు చూసి నిర్ణయించాలి."