చేతి స్టెన్సిల్ ప్రింటర్‌తో ఐదేళ్లు

బల్ల మీద పెట్టుకుని చేత్తో నడిపే స్టెన్సిల్ ప్రింటర్ ఇది. కన్నాలున్న పల్చటి రేకును (అదే స్టెన్సిల్) సర్క్యూట్ బోర్డు మీద ఆనించి, విడిభాగాల కాళ్లు అతికే ప్యాడ్‌ల మీద సోల్డర్ పేస్ట్ పూయడం దీని పని. కొన్నప్పుడు 30 వేలకు కాస్త అటూ ఇటూ పడింది. చర్లపల్లిలో మాది చిన్న యూనిట్, పొలం బోరు మోటార్లకు బిగించే మొబైల్ స్టార్టర్ బోర్డులు చేస్తాం. ఐదేళ్లుగా రోజుకు 100, 150 బోర్డులు దీని మీదే లాగుతున్నాం. మొదటి రెండేళ్లూ ఈ మిషన్‌ను తిట్టని రోజు లేదు. ఇప్పుడు వాటిలో సగం తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను.

గొడవంతా బోర్డు మధ్యలో ఉండే 48 కాళ్ల మైక్రోకంట్రోలర్ దగ్గరే. కాళ్ల ఎడం 0.5 మి.మీ. రెసిస్టర్లూ కెపాసిటర్లూ ఎలా ప్రింట్ చేసినా సర్దుకుంటాయి. ఇది మాత్రం పొద్దున బాగానే వచ్చి, పదకొండు దాటేసరికి పక్కపక్క కాళ్లు అతుక్కుపోయేవి. అలైన్‌మెంట్ కదిలిందనుకుని నాబ్‌లు తిప్పేవాణ్ని. పేస్ట్‌ను రేకు మీద లాగే పట్టీని, అంటే స్క్వీజీని, ఇంకాస్త గట్టిగా నొక్కమనేవాణ్ని. అలా నొక్కితే పేస్ట్ స్టెన్సిల్ కిందికి పాకుతుందని అప్పటికి నాకు తెలియదు.

ప్రింటింగ్ బల్ల దగ్గర పనిచేసే అక్క ఒకరోజు స్టెన్సిల్ ఎత్తి ట్యూబ్‌లైట్ కింద తిరగేసి పట్టుకుంది. “సార్, అడుగు చూడండి ఒకసారి.” కన్నాల్లోంచి వెలుతురు బాగానే వస్తోంది. కానీ ఆ మైక్రోకంట్రోలర్ ఐసీ కన్నాల చుట్టూ సన్నటి బూడిదరంగు పొర ఉంది, వేలు పెడితే జిడ్డు.

“తుడిచిందేనా అక్కా ఇది?”

“ఇప్పుడే ఐపీఏ పోసి తుడిచా సార్. ఆరకముందే మళ్లీ బోర్డు పెట్టేస్తున్నాం కదా!”

అసలు సంగతి అదీ. ఐపీఏ అనే ఆల్కహాల్ పేస్ట్‌లోని జిగట పదార్థాన్ని, అంటే ఫ్లక్స్‌ను, కరిగిస్తుంది గానీ, కరిగినదాన్ని గుడ్డ పీల్చుకోకపోతే అడుగంతా పూసినట్టవుతుంది. కన్నాల్లో తడి మిగిలితే తర్వాతి బోర్డు పేస్ట్ పల్చబడి, ప్యాడ్ మీద నిలబడక పక్కకు జారుతుంది. పైగా మేం వాడుతున్నది బనియన్ వేస్ట్. దాని నూగు సన్న కన్నాల్లో ఇరుక్కునేది.

ఆ రోజు నుంచి నూగు రాలని తుడుపు గుడ్డలే, వైపర్లంటారు. ప్రతి 5 బోర్డులకు ఒకసారి పొడిగా తుడవడం. 20కి ఒకసారి ఐపీఏతో తడిపిన వైపర్, దాని వెనకే పొడి వైపర్. ఐపీఏ వైపర్ మీదే చల్లాలి, స్టెన్సిల్ మీద పోయకూడదు. లెక్క తప్పకుండా అక్క గోడకు ఒక కాగితం అంటించి గీతలు పెడుతుంది. ఆ నెలలోనే కాళ్లు అతుక్కుని వచ్చే షార్ట్‌లు దాదాపు ఆగిపోయాయి.

అన్నీ తుడవడంతో తీరవు లెండి. ఒక బోర్డులో 0.3 మి.మీ. గుండ్రటి ప్యాడ్‌లున్న చిన్న చిప్ వచ్చింది. మా స్టెన్సిల్ మందం 0.12 మి.మీ. కన్నం వైశాల్యాన్ని దాని లోపలి గోడల వైశాల్యంతో భాగిస్తే కనీసం 0.66 రావాలన్నది అందరూ పాటించే లెక్క. మాకు 0.62 వచ్చింది. అంటే పేస్ట్ ప్యాడ్‌ను పట్టుకోకుండా గోడల్నే పట్టుకుని ఉండిపోతుంది. 0.1 మి.మీ. రేకుతో ఇంకో స్టెన్సిల్ కోయించాక లెక్క 0.75కి వచ్చింది, పేస్ట్ శుభ్రంగా దిగింది.

ఇక వెనక్కి తీసుకోని తిట్లు. ఫ్రేమ్ తలుపులా ఒక పక్క హింజ్ మీద లేస్తుంది కాబట్టి హింజ్‌కు దూరంగా ఉన్న వైపు స్టెన్సిల్ విసురుగా ఊడుతుంది, అక్కడి పేస్ట్ అంచులు లేచిపోతాయి. బోర్డును తిప్పి, సన్న కాళ్ల ఐసీ హింజ్ వైపు వచ్చేలా పెట్టుకున్నాం. మూడో ఏడు హింజ్ బుష్‌లు అరిగి ఫ్రేమ్ పక్కకు ఆడటం మొదలైంది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు. కుషాయిగూడలో లేత్ మిషన్ దగ్గర ఇత్తడి బుష్‌లు చేయించి వేశాం, అవే ఇప్పటికీ నడుస్తున్నాయి.

పేస్ట్ గురించి ఒక మాట. డబ్బా ఫ్రిజ్‌లోంచి తీశాక నాలుగు గంటలు మూత తీయం. చల్లటి సీసాకు చెమట పట్టినట్టు పేస్ట్‌కూ తేమ పడుతుంది, బోర్డును వేడిచేసి పేస్ట్ కరిగించే రిఫ్లోలో అది చిటపటమని గింజలు చిమ్ముతుంది. స్పాచులాతో కలిపితే గరిటె జారుగా ఉండాలి, స్క్వీజీ ముందు చుట్టలా దొర్లాలి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే ప్రింటింగ్ ఆపేస్తాం. మా పేస్ట్‌లో సీసం ఉంది కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి, వాడిన వైపర్లకు వేరే డబ్బా ఉంది.

ఒక స్టెన్సిల్‌ను అల్ట్రాసోనిక్ వాష్‌కు బయట ఇచ్చి పోగొట్టుకున్నాను. నీళ్లు బాగా వేడి చేసినట్టున్నారు, ఫ్రేమ్‌కూ రేకుకూ మధ్య ఉండే జాలీని (మెష్) రేకుకు పట్టి ఉంచే జిగురు ఒక మూల వదిలేసింది. బిగువు పోయిన స్టెన్సిల్ మళ్లీ పనికి రాలేదు. ఇప్పుడు సాయంత్రం షిఫ్ట్ అయ్యాక మేమే తుడిచి, బ్రష్‌తో కన్నాలు రుద్ది, ఎండిపోకముందే ముగిస్తాం. మర్నాటికి వదిలేస్తే రాయిలా గట్టిపడుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఫ్రేమ్ నిటారుగా పైకి లేచే రకమే తీసుకుంటాను. సన్న కాళ్ల ఐసీలు లేని బోర్డులైతే మీకు ఇదే సరిపోతుంది. కొంటే మాత్రం బుష్‌లు ఒక జత అదనంగా చేయించి పెట్టుకోండి.