8 బిట్ డిస్‌ప్లే కోసం గ్రాఫ్ లైబ్రరీ కొంటున్నారా? కలర్‌మ్యాప్ సంగతి ముందే తేల్చుకోండి

యూనిక్స్, లినక్స్‌లలో తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ కోసం రాసిన పాత అప్లికేషన్లను ఇంకా నడుపుతూ, వాటికి డబ్బు పెట్టి గ్రాఫ్ విడ్జెట్ లైబ్రరీ కొనాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. ఇదే జబ్బు వేరే లైబ్రరీల్లోనూ ఉండొచ్చు కాబట్టి లక్షణాలు చెప్తే చాలు.

మా మానిటరింగ్ స్క్రీన్లు 8 బిట్ సూడోకలర్‌వి. అంటే కలర్‌మ్యాప్‌లో (ఏ పిక్సెల్ నంబర్‌కి ఏ రంగో చెప్పే పట్టికలో) ఉండేది 256 గళ్లు, వాటినే అన్ని ప్రోగ్రాములూ పంచుకోవాలి. టెంపరేచర్ మ్యాప్ గీయడానికి మేం కొన్న లైబ్రరీ తనకంటూ వేరే కలర్‌మ్యాప్ సృష్టించుకుంటుంది. అందులో తప్పేం లేదు, అన్ని షేడ్స్ కావాలంటే ఎవరైనా అదే చేస్తారు. తేడా వచ్చింది ఆ తర్వాతే.

మామూలుగా హార్డ్‌వేర్‌లో ఒకసారికి ఒక్క కలర్‌మ్యాపే కూర్చుంటుంది. ఏది కూర్చోవాలో నిర్ణయించేది విండోల అమరిక చూసుకునే ప్రోగ్రాం, అంటే విండో మేనేజర్. టీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ అయితే మౌస్ ఏ విండోలోకి వెళ్తే దాని కలర్‌మ్యాప్ ఎక్కిస్తుంది. ఎండబ్ల్యూఎం అనే ఇంకో దాన్లో దీనికి కలర్‌మ్యాప్‌ఫోకస్‌పాలసీ అని సెట్టింగే ఉంది: కీబోర్డ్, పాయింటర్, ఎక్స్‌ప్లిసిట్. ఎక్స్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఎలా మెలగాలో చెప్పే ఐసీసీసీఎం నియమం స్పష్టంగానే ఉంది. అప్లికేషన్ తన విండోకి కలర్‌మ్యాప్ తగిలించి ఊరుకోవాలి. లోపలి సబ్‌విండోకి వేరే కలర్‌మ్యాప్ ఉంటే, ఆ సబ్‌విండోని టాప్ లెవెల్ విండో మీద డబ్ల్యూఎం_కలర్‌మ్యాప్_విండోస్ ప్రాపర్టీలో (విండోకి తగిలించే సమాచారపు చీటీలో) రాయాలి. పాయింటర్ గ్రాబ్ చేసిన (మౌస్‌ని తన చేతిలోకి తీసుకున్న) సమయంలో తప్ప, కలర్‌మ్యాప్‌ని ఎక్కించే ఎక్స్‌ఇన్‌స్టాల్‌కలర్‌మ్యాప్ ఫంక్షన్‌ని సొంతంగా పిలవకూడదు.

ఈ లైబ్రరీ ఆ ప్రాపర్టీ పెట్టదు. పైగా గ్రాఫ్ రీడ్రా అయిన (మళ్లీ గీసిన) ప్రతిసారీ తనే ఎక్స్‌ఇన్‌స్టాల్‌కలర్‌మ్యాప్ పిలుస్తుంది. ఆపరేటర్ పక్కనున్న టెర్మినల్లో టైప్ చేస్తుంటాడు, గ్రాఫ్ అప్‌డేట్ అవుతుంది, అంతే, స్క్రీన్ మొత్తం ఊదా, పచ్చ రంగుల్లోకి తిరుగుతుంది. టెర్మినల్లో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరాలు. మౌస్ అటూ ఇటూ కదిపితే విండో మేనేజర్ మళ్లీ సరిచేస్తుంది, మరుసటి రీడ్రాకి మళ్లీ అదే గోల. ఒక్క కుర్చీ కోసం ఇద్దరు తోసుకుంటున్నట్టే. అలారం రంగులు కూడా మారిపోతుంటే డ్యూటీలో ఉన్నవాళ్ల టెన్షన్ చెప్పనక్కర్లేదు.

సపోర్ట్‌వాళ్ల జవాబు: "మీ విండో మేనేజర్ సరిగ్గా లేదు, వేరేది వాడండి." విండో ప్రాపర్టీలు చూపించే ఎక్స్‌ప్రాప్ కమాండ్ అవుట్‌పుట్ పంపాం, టాప్ లెవెల్ విండో మీద ఆ ప్రాపర్టీయే లేదని అందులో కనిపిస్తూనే ఉంది. దాని మీద మాట్లాడకుండా టికెట్ మూసేశారు. లైసెన్స్ కీ యాక్టివేట్ చేశాక రిఫండ్ ఉండదట. సోర్స్ ఇవ్వరు.

చివరికి ఎక్స్‌సెట్‌డబ్ల్యూఎంకలర్‌మ్యాప్‌విండోస్‌తో ఆ ప్రాపర్టీ మేమే పెట్టుకున్నాం. లైబ్రరీ చేసే ఎక్స్‌ఇన్‌స్టాల్‌కలర్‌మ్యాప్ కాల్‌ని ఎల్‌డీ_ప్రీలోడ్‌తో (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు మన కోడ్‌ని ముందుగా లోడ్ చేయించే సెట్టింగ్‌తో) ఖాళీ ఫంక్షన్‌కి మళ్లించాం. ఇప్పుడు నడుస్తోంది, కానీ డబ్బు కట్టి కొన్న సరుక్కి మనం అతుకులు వేసుకోవడం ఏంటో.

డెమోలో ఇదంతా ఎందుకు బయటపడలేదంటే, వాళ్లు చూపించింది 24 బిట్ ట్రూకలర్ మీద. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు పిక్సెల్‌లోనే ఉంటాయి, కలర్‌మ్యాప్ ఎవరు ఎక్కించినా కంటికి తేడా తెలియదు. ట్రూకలర్ వాడేవాళ్లూ నిశ్చింతగా ఉండకండి. పేరెంట్ విండోకి ఒక విజువల్ (పిక్సెల్ విలువని రంగుగా ఎలా చదవాలో చెప్పే పద్ధతి), గ్రాఫ్ విండోకి 32 బిట్ విజువల్ ఉంటే, కొత్త విజువల్‌కి సరిపడే కలర్‌మ్యాప్ ఇవ్వాలి. ఈ లైబ్రరీ పేరెంట్‌దే తీసుకోబోయి బ్యాడ్‌మ్యాచ్ అనే ఎర్రర్‌తో చచ్చిపోతుంది.

కొనేముందు ట్రయల్ కీ అడగండి. 8 బిట్ డెప్త్‌తో జెఫిర్ (ఒక విండోలోనే ఇంకో ఎక్స్ స్క్రీన్ నడిపే ప్రోగ్రాం) తెరిచి, అందులో టీడబ్ల్యూఎం నడిపి, గ్రాఫ్ పక్కన ఒక టెర్మినల్ పెట్టండి. టెర్మినల్లో మౌస్ ఉండగా గ్రాఫ్ విండో మీద ఎక్స్‌విన్‌ఇన్ఫో (విండో వివరాలు చూపించే కమాండ్) కొట్టి చూడండి. కలర్‌మ్యాప్ నంబర్ పక్కన ఇన్‌స్టాల్డ్, నాట్ ఇన్‌స్టాల్డ్ అని వస్తుంది. మౌస్ టెర్మినల్లోనే ఉన్నా గ్రాఫ్‌ది ఇన్‌స్టాల్డ్ అని వస్తుంటే అనుమానించాల్సిందే. లైబ్రరీ ఫైల్ మీద ఎన్‌ఎం (ఫైల్లోని ఫంక్షన్ల పేర్లు చూపించే కమాండ్) నడిపితే ఎక్స్‌ఇన్‌స్టాల్‌కలర్‌మ్యాప్ పేరు కనిపించొచ్చు. గ్రాబ్ సమయంలో వాడుకునే హక్కు ఉంది కాబట్టి అదొక్కటే రుజువు కాదు, కానీ ఎక్కడ, ఎందుకు పిలుస్తున్నారో రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా పర్చేజ్ ఆర్డర్ మీద సంతకం పెట్టకండి.