సుడిదోమ లెక్క: సమీకరణం మేలా, కుదురు లెక్క మేలా?

సార్వాలో స్వర్ణ రకం వరి వేసిన చేలో, మొదళ్ల దగ్గర రసం పీల్చే సుడిదోమ కనబడింది. మందు కొట్టాలా, దాన్ని తినే సాలీళ్లకీ మిరిడ్ నల్లులకీ వదిలేయాలా? లెక్క వేయడానికి మూడు దారులున్నాయి.

1925లో లోట్కా, 1926లో వోల్టెరా విడివిడిగా రాసిన, వేటాడే జీవీ దాని ఎరా ఎలా పెరిగి తగ్గుతాయో చెప్పే సమీకరణాలది మొదటి దారి. సాలీళ్లు లేకుంటే దోమ రోజుకు 10 శాతం పెరుగుతుందనీ, దోమ లేకుంటే సాలీళ్లు రోజుకు 5 శాతం చస్తాయనీ అనుకుందాం. రెండింటినీ రోజుకు మరో 5 శాతం చొప్పున చంపే మందు వాడితే సాలీళ్ల సగటు సగానికి పడిపోతుంది, దోమ సగటు రెట్టింపవుతుంది! సింథటిక్ పైరిత్రాయిడ్లనే పురుగుమందులు కొట్టాక దోమ ఎందుకు విరుచుకుపడుతుందో ఇంత సూటిగా చెప్పే లెక్క మరొకటి లేదు. కానీ ఈ అంకెలతో దోమ, సాలీళ్ల సంఖ్యలు పెరిగి తగ్గే ఒక ఆటుపోటు పూర్తవడానికి దాదాపు 89 రోజులు పడుతుంది. నాటాక స్వర్ణ చేలో ఉండేది సుమారు 120 రోజులే. సగటు కుదిరేలోగా కోత వచ్చేస్తుంది. పైగా గాలివాటున వచ్చి పడే దోమకు ఇందులో చోటే లేదు.

రెండోది, 1959లో జీవావరణ శాస్త్రవేత్త హోలింగ్ ఇచ్చిన సవరణ కలిపిన లెక్క. సాలీడు కడుపుకీ హద్దుంటుంది కదా. దోమలు 100 ఉంటే సాలీడు రోజుకు 10 తింటుందని పాత లెక్క చెప్పిందనుకుందాం. ఒక్కో దోమను పట్టి తినడానికి రోజులో అయిదో వంతు సమయం పడితే ఆ 10 కాస్తా 3.3 అవుతుంది. దోమ మితిమీరాక వేటపురుగుల్ని నమ్ముకుంటే ఎందుకు మోసపోతామో ఇక్కడ తేలుతుంది. అయితే ఆ సమయం ఎంతో బోనులో పెట్టి కొలవాలి, అది పరిశోధకుల పని.

మందు కొట్టాలా వద్దా అన్నదానికి మాత్రం మూడోదే, కుదురు లెక్కే మేలు. వారానికోసారి గట్టు వదిలి లోపలికి దిగి, ఐమూలగా 20 కుదుళ్ల మొదళ్లు తట్టి నీటిమట్టం పైన చూడాలి. సాలీళ్లు లేకుంటే పిలకకు 1 దోమ, కుదురుకో సాలీడుంటే పిలకకు 2 వరకు ఆగవచ్చు. అంటే 15 పిలకల కుదురుకు 15 లేదా 30. సగటొక్కటే రాసుకుంటే దెబ్బతింటాం: దోమ పీల్చి పైరు ఎండిపోయే సుడి, చేను నడుమ మచ్చగా మొదలవుతుంది, అందుకే అన్నిటికన్నా ఎక్కువున్న కుదురు అంకె కూడా పక్కనే రాయాలి.

ఆకు తొడుగుల్లోని గుడ్లకు చాలా మందులు తగలవు, అవి తర్వాత పొదుగుతాయి. అందుకే మందు కొట్టిన ఏడు నుంచి తొమ్మిది రోజులకు పిల్లదోమను మళ్లీ లెక్కించాలి. అప్పటికి సాలీళ్లు పోయుంటే హద్దు 30 కాదు, 15.